పచ్చ దీపం వెలగకముందు

అంకమ్మ చచ్చిపోతుందని ధిషణ విశ్వవిద్యాలయానికి పద్నాలుగు నెలల ముందే తెలుసు. తెలిసీ చెప్పలేదు.

ఇందులో అనుమానానికి తావు లేదు. ఆమె భర్త మాలకొండయ్య దగ్గర కాగితం ఉంది. వానకు తడవకుండా, చెమటకు నానకుండా దానికి ప్లాస్టిక్ పొర వేయించి చొక్కా లోపలి జేబులో పెట్టుకు తిరుగుతున్నాడు. బస్సులో పక్క సీటువాడికి చూపించాడు. పొగాకు వేలం కేంద్రంలో బేళ్ల మధ్య నిలబడి గట్టిగా చదివాడు. ఒకసారి పెళ్లి పందిట్లో తీయబోతే బావమరిది చెయ్యి పట్టుకుని ఆపాడు. ఆ బావమరిదితో అప్పటినుంచి మాటల్లేవు.

"మామా, ఆ కాగితం నేను నాలుగుసార్లు చదివినా" అన్నాడు టీకొట్టు సుబ్బరాయుడు. "టీ తాగు ముందు. చల్లారిపోద్ది."

"అయిదోసారి చదువు."

"చదివితే అత్త లేచొస్తదా?"

"రాదు. నువ్వు చదవకపోతే వాళ్లు తప్పించుకుంటారు."

"నేను టీకొట్టోణ్ణి మామా. జడ్జీని కాదు."

"జడ్జీ అయినా ఇంతేలే. ముందు తన టీ చల్లారకుండా చూసుకుంటాడు" అని మాలకొండయ్య కాగితం మడిచి, టీ ముట్టకుండా లేచిపోయాడు.

ఊళ్లో అందరికీ ఆయనంటే విసుగు పుట్టింది. ఆయనకూ ఊరంటే విసుగే. భార్య పోయినవాడు నాలుగు నెలలు ఏడవాలి, అయిదో నెలలో పనిలో పడాలి అని ఊరు లెక్క వేసుకుంటుంది. మాలకొండయ్య ఒక్కరోజు కూడా ఏడవలేదు. అందుకని ఊరికి ఆయన్ను ఎట్లా ఓదార్చాలో తెలియలేదు.

పిల్ల ప్రసూన ధిషణకు దరఖాస్తు పెట్టిన ఏడాది మాఘమాసంలో మొదలైంది ఇదంతా. ధిషణ ఫారం పద్దెనిమిది పేజీలు. పుట్టినప్పటి బరువు దగ్గర నుంచి ఇంటి కప్పు రేకుదా, పెంకుదా అన్నదాకా అడిగారు. పిల్ల ఫోనులో నింపుతానంటే మాలకొండయ్య ఒప్పుకోలేదు. ముందు కాగితం మీద తానే నింపి, దాన్ని చూసి ఎక్కించమన్నాడు. ఊరి బడిలో ఏడో తరగతి దాకా చదివాడాయన. రోశయ్య పంతులు నేర్పినవాటిలో రెండు మిగిలాయి. గడి ఖాళీగా వదలకూడదు. గడిలో అబద్ధం రాయకూడదు. 'ఇంట్లో దీర్ఘరోగులు ఎవరైనా ఉన్నారా' అన్న గడిలో 'లేరు' అని గుండ్రంగా రాసి, కింద గీత కూడా గీశాడు.

ఫారం వెళ్లిన పదో రోజున తెల్ల వ్యాను వచ్చింది. అందులోంచి డాక్టర్ యామిని దిగింది. ముప్పై అయిదేళ్లుంటాయి. చేతిలో బియ్యం కుంచమంత పెట్టె, అమ్మానాన్నల గొంతులు పట్టేందుకట. ఈ కొత్త పద్ధతి కనిపెట్టింది తానేననీ, మొదటి ఏడాది కాబట్టి ఊళ్లకు తానే తిరుగుతున్నాననీ చెప్పింది. అంకమ్మ, పొగాకును వేడికి ఆరబెట్టే బ్యారన్ ముందు కొట్టంలో కూర్చుని కర్రకు పచ్చాకు గుచ్చుతోంది. చేతులు జిగురుతో నల్లబడి ఉన్నాయి. చీర చెంగుతో ఒక పీట తుడిచి వేసింది.

"దీన్ని ముందుబడి అంటాం అమ్మా" అంది యామిని. "మీ అమ్మాయి గొంతు, రాత, మార్కులు, అలవాట్లు అన్నీ కలిపి యంత్రంలో ఒక నకలు చేస్తాం. ఆ నకలును మా దగ్గర చదివిస్తాం. నాలుగేళ్ల చదువు దానికి ఒక్క మధ్యాహ్నం పడుతుంది. అది గట్టెక్కితే అమ్మాయికి సీటు."

"అది తప్పితే?"

"సీటు రాదు."

అంకమ్మ పకపకా నవ్వింది. "బాగుందమ్మా. చదివేది అదీ, తప్పేది ఇదీనా?"

"మరి మా గొంతులు దేనికి?" అని మాలకొండయ్య అడిగాడు.

"ఇల్లు లేని నకళ్లు మూడో నెలకే మూగబోతున్నాయండీ. వాటికి కూడా ఆదివారం ఫోన్ చేసుకోడానికి ఎవరో ఒకరు ఉండాలి. అందుకని అమ్మదీ నాన్నదీ కూడా నకలు తీస్తాం. మనిషికి పదిహేను నిమిషాలు చాలు. ఈ పచ్చ దీపం వెలిగాక మాట్లాడింది లెక్కలోకి వస్తుంది."

మాలకొండయ్య నాలుగు నిమిషాలు మాట్లాడాడు. ఆ నాలుగూ కష్టం మీదే. 'మీ అమ్మాయిలో మీకు నచ్చేదేమిటి' అని అడిగింది పెట్టె. "మా పిల్ల. నచ్చేదేంది, మా పిల్ల" అన్నాడు. 'అమ్మాయి ఫోన్ చేస్తే ఏం మాట్లాడతారు' అని అడిగింది. "తిన్నావా అంటా. తిన్నానంటది. ఊఁ అంటా." బ్యారన్‌లో ఆకు పసుపెక్కే వేళ అయింది. వేడి పెంచకపోతే వెయ్యి కర్రల ఆకు మచ్చ పడుతుంది. లేచి వెళ్లిపోయి అద్దంలోంచి ఉష్ణమాపకం చూస్తూ నిలబడ్డాడు.

అంకమ్మ గంటసేపు మాట్లాడింది. మొదట కాసేపు కొట్టం లోపలినుంచి ఏమీ వినపడలేదు. తర్వాత నవ్వులు వినపడ్డాయి. మళ్లీ నవ్వులు.

వ్యాను వెళ్లాక "అంతసేపు ఏం చెప్పావే?" అన్నాడు.

"నీ మీద చాడీలు" అని నవ్వబోయి దగ్గింది.

"బ్యారన్ దగ్గు. వేణ్ణీళ్లు తాగు" అన్నాడు. ఆ రోజుల్లో ఆ చుట్టుపక్కల బ్యారన్ల దగ్గర పనిచేసే ఆడవాళ్లందరూ దగ్గుతారు. సీజన్ అయిపోతే పోతుంది. అది జబ్బని ఎవరూ అనరు.

వేసవిలో జవాబు వచ్చింది. ఒక్క వాక్యం. మీ దరఖాస్తును పరిగణించలేకపోయినందుకు చింతిస్తున్నాం. ప్రసూన ఫోను చేతిలో పట్టుకుని గడపలో కూర్చుండిపోయింది. అంకమ్మ ఒక్క మాట మాట్లాడలేదు. లోపలికి పోయి చాలాసేపు రాలేదు. ఆ మౌనం సీటు పోయినందుకే అనుకున్నాడు మాలకొండయ్య.

పిల్ల కందుకూరులో డిగ్రీలో చేరి బస్సు మీద పోయివస్తోంది. పుష్యమాసంలో అంకమ్మ గొంతు బొంగురుపోయింది. మాఘంలో పూర్తిగా పోయింది. ఒంగోలు డాక్టరు ఫిల్ము వెలుగుకు పట్టి చూసి, ఊపిరితిత్తి మీద గడ్డ గొంతు నరాన్ని నొక్కుతోందన్నాడు. "పోయినేడు వచ్చుంటే కోసి తీసేసేవాళ్లం. మీ ఆవిడ ఇంకో ఇరవై ఏళ్లు బతికేది" అన్నాడు. ఆ మాట అంకమ్మ వింది. మాలకొండయ్యకేసి కాకుండా కిటికీకేసి చూసింది. జూన్ పద్దెనిమిదిన పోయింది. చివరి నాలుగు నెలలు ఆమెకు మాట లేదు. ఇంట్లో ఆమె గొంతు ఎక్కడా మిగల్లేదు. వాళ్లకు ఫోటోలు తీసుకోవడమే కానీ గొంతు దాచుకునే అలవాటు లేదు.

సీటు రానివాళ్లు కారణం అడగవచ్చని చట్టంలో ఉంది. ప్రసూన అడిగి ఏడాది దాటింది. ఆగస్టులో ఆ జవాబు వచ్చింది. ప్లాస్టిక్ పొరలో ఉన్న కాగితం అదే. 'నకలు ప్రగతి వివరం' అని పైన రాసి ఉంది. తారీకు, అంతకుముందు సంవత్సరం ఏప్రిల్ పదకొండు.

'మొదటి సంవత్సరం, పదకొండో నెల, రెండో వారం: తల్లి మరణం. కారణం ఊపిరితిత్తి గడ్డ. ఆధారం తల్లి గొంతు.'

దాని కింద ఒక వరుస మొత్తాన్ని నల్ల సిరాతో కొట్టేశారు. కుటుంబ సభ్యుల వ్యక్తిగత సమాచారం కాబట్టి మూసివేశాం అని అంచున ఉంది.

దాని కింద: 'రెండో సంవత్సరం, మూడో నెల: చదువు మానివేత. నమ్మకం నూటికి తొంభై మూడు. సీటు ఇవ్వతగదు.'

చీమకుర్తి రాతి గుట్టలు దాటాక ధిషణ గేటు ఉంటుంది. మాలకొండయ్య పందొమ్మిది రోజులు ఆ గేటు ముందు గోనెపట్టా పరుచుకుని కూర్చున్నాడు. అట్టముక్క మీద తన గుండ్రటి చేతిరాతతో 'నా భార్య చస్తుందని తెలిసి దాచారు' అని రాసి పక్కన పెట్టుకున్నాడు. కాలేజీ అయ్యాక ప్రసూన అన్నం క్యారియరు తెచ్చేది. పత్రికలవాళ్లు వచ్చారు. ఇరవయ్యో రోజున రిజిస్ట్రార్ ప్రభాకరం లోపలికి పిలిపించాడు. సన్నటి మనిషి, సన్నటి గొంతు.

"మీ బాధ అర్థమైంది మాలకొండయ్య గారూ."

"కాలేదు. సంగతి చెప్పండి."

"దరఖాస్తుదారుల సమాచారం మా దగ్గర దేవుడి నగలంత భద్రం. అడ్మిషన్ కోసం తీసుకున్నది అడ్మిషన్‌కే వాడాలి. వేరే పనికి వాడితే అది నేరం. మీ ఆవిడ ఆరోగ్యం గురించి మీకు చెప్పడమంటే వేరే పనికి వాడినట్టే. మేం నియమం తప్పలేదు."

"మనిషి నీళ్లలో మునిగిపోతుంటే, గట్టున ఉన్నవాడు నన్ను చేపలు చూడ్డానికి పెట్టారు అన్నాడంట. అట్టా ఉండాది."

"నియమం అందరికీ ఒకటే."

"ఈ నల్లగీత కింద ఏముంది?"

"అది ఇంకొకరి వ్యక్తిగత విషయం."

"చచ్చింది నా పెళ్లాం. చదువు పోయింది నా కూతురికి. ఇంకా ఎవురయ్యా ఆ ఇంకొకరు?"

రిజిస్ట్రార్ కళ్లజోడు తుడుచుకున్నాడు. బల్లమీద ఒక ఫారం జరిపాడు. చనిపోయినవారి గొంతు మీద మొదటి హక్కు జీవిత భాగస్వామిది. ఒక్కసారి వినవచ్చు. విన్నాక రెండింట్లో ఒకటి ఎంచుకోవాలి. ఉంచమంటే మొత్తం రికార్డు ముద్ర వేసి వారసులందరికీ, అంటే ఆయనకూ కూతురికీ ఒక్కొక్కటి ఇస్తారు. కోర్టులో అది సాక్ష్యంగా చెల్లుతుంది. తుడిచేయమంటే అసలుతో పాటు దాన్నుంచి చేసిన ప్రతి నకలూ పోతుంది.

"ఉంచమనే చెబుతా. రాసుకోండి ఇప్పుడే" అన్నాడు మాలకొండయ్య.

"ముందు వినండి" అన్నాడు రిజిస్ట్రార్. ఆ మాటలో ఏదో ఉంది. మాలకొండయ్య దాన్ని బెదిరింపు అనుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే ప్రసూన కూడా వచ్చింది. గేటు లోపలికి ఆయన్ను ఒక్కణ్ణే రానిచ్చారు.

"నాన్నా, కేసు సంగతి నాకు తెలీదు. గెలిస్తే గెలువు, లేకపోతే లేదు" అందా పిల్ల. "నాకు అమ్మ గొంతు కావాలి. ఒక్కసారి వినాలి. ఎట్టా ఉండేదో మర్చిపోతన్నా."

"తెస్తా" అన్నాడు.

ముందుబడి అంటే పెద్ద గది. నల్ల బీరువాలు వరుసలుగా ఉన్నాయి. చలి, ఒక తేనెపట్టు హోరు. మనిషి లేడు, బల్ల లేదు. డాక్టర్ యామిని గుమ్మంలోనే ఎదురొచ్చింది. రెండేళ్లలో జుట్టు సగం నెరిసింది. కూర్చోమంది. ఆయన కూర్చోలేదు.

"ముందు ఆ నల్లగీత" అన్నాడు.

ఆమె ఒక మీట నొక్కింది. గోడలోంచి ఫోను మోగిన శబ్దం వచ్చింది. ప్రసూన గొంతు. ప్రసూన కాదు, ప్రసూన నకలు. 'నాన్నా, నేనే. ఈ ఆదివారం కూడా ఎవరూ ఎత్తరేమో అనుకున్నా.'

'ఊఁ. తిన్నావా?' మాలకొండయ్య ఉలిక్కిపడ్డాడు. అది తన గొంతు.

'తిన్నా నాన్నా. అమ్మ గుర్తొస్తంది.'

'ఊఁ.'

'ఇక్కడ ఏం చదివినా ఎక్కట్లేదు. ఏదన్నా మాట్లాడు నాన్నా.'

'ఊఁ. తిన్నావా?'

యామిని మీట తీసేసింది. "మీరు నాలుగు నిమిషాలే ఇచ్చారు. మీ నకలుకు అంతే వచ్చు. అమ్మ పోయాక పద్నాలుగు ఆదివారాలు ఫోన్ చేసింది. తర్వాత చదువు మానేసింది. నల్లగీత కింద ఉన్న వాక్యం, 'ఇంటి నుంచి మాట లేకపోవుట'."

మాలకొండయ్య గోడకేసి చూశాడు. బ్యారన్‌లో ఆకు మచ్చపడుతుంటే అద్దంలోంచి చూసినట్టు చూశాడు.

"ఇది నా మీద నెట్టే ఎత్తు" అన్నాడు చివరికి. "నాలుగు నిమిషాల మనిషిని చూసి పిల్ల బతుకు తేల్చారు. తల్లి పోయినాక ఆ పిల్ల మానేసిందా? కందుకూరు బస్సులో నిలబడి పోయి చదువుతోంది. మీ యంత్రం అబద్ధం."

"అవును. అక్కడ తప్పింది."

ఆమె అంత తేలిగ్గా ఒప్పుకోవడం ఆయనకు నచ్చలేదు. "మరి అంకమ్మ దగ్గర తప్పలేదే?"

"తప్పలేదు."

అప్పుడే ఒక బీరువాలో వరుసగా చిన్న దీపాలు వెలిగాయి. వందలు. సన్నగా ఫోన్లు మోగిన చప్పుడు, ఒకదానిమీద ఒకటి. వాటి వెనక చాలా మెల్లగా ఒకే గొంతు అన్నిచోట్లా పలుకుతోంది. 'ఎవురూ? నువ్వా నాయనా, చెప్పు... నువ్వా తల్లీ... ముద్ద సరిగ్గా తింటన్నావా లేదా...'

మాలకొండయ్య చెయ్యి దానంతటది బీరువా మీదికి పోయింది. ఇనుము చల్లగా ఉంది.

"ఏందది?"

యామిని ఆ దీపాలకేసి చూసింది. "తల్లిలేని దరఖాస్తుదారులు ఉంటారు. వాళ్ల నకళ్లకు ఆదివారం ఎవరూ ఉండరు. మీ ఆవిడ గొంతు... దానంత బాగా ఇంకే గొంతూ పనిచేయలేదు. ఆమె గంటసేపు మాట్లాడింది కదా. అందుకని అందరికీ ఆమెనే పెట్టారు."

"ఎంతమందికి?"

"ఈ ఏడాది మూడు వేల ఎనిమిది వందలు."

"నాకు చెప్పాలంటే వేరే పనికి వాడటం. నేరం. ఇదేందమ్మా?"

"నేను వద్దన్నాను. నన్ను దాటి చేశారు."

"వద్దని, జీతానికి పోతన్నావు."

మాలకొండయ్యకు ఇన్ని రోజుల్లో మొదటిసారి ప్రాణం లేచొచ్చింది. దొరికారు. రిజిస్ట్రార్ నోటితో అన్న నేరం రిజిస్ట్రార్ బీరువాలోనే దొరికింది. ఈ రికార్డు చేతికొస్తే చాలు, గేటుకు తాళం పడుతుంది. ఊళ్లో సుబ్బరాయుడికి అయిదోసారి చదివే పని లేకుండా టీవీలోనే కనపడుతుంది.

"అసలుది పెట్టు. విని, ఉంచమని సంతకం పెట్టి పోతా."

"మొదటినుంచీ వినాలండీ. మధ్యలోంచి పెట్టడం కుదరదు."

"మొదటినుంచే పెట్టు."

ముందు కొట్టం శబ్దం వచ్చింది. కర్రలు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. దూరంగా బ్యారన్ పొయ్యి గాలి పీల్చుకుంటోంది. తర్వాత అంకమ్మ. నకలు కాదు, మనిషి. గొంతు ఇంకా పోకముందరి అంకమ్మ. మాలకొండయ్య అప్పుడు కూర్చున్నాడు.

'ఆ పచ్చ దీపం వెలిగిందాకా ఇది లెక్కలోకి రాదు గదమ్మా?'

'రాదమ్మా' అంది యామిని గొంతు. 'గొంతు సర్దుకోడానికి ఊరికే ఏదో ఒకటి మాట్లాడండి.'

'అయితే ఒక మాట చెబుతా. ఆడదానివి గాబట్టి చెబుతున్నా. ఈడ, రొమ్ము ఎముక ఎనకాల, దబ్బనంతో పొడిచినట్టు ఉంటంది. దసరా కాడ్నించి. ఆకు గుచ్చి కర్ర పైకెత్తితే ఊపిరాడదు. రెండుసార్లు నెత్తురు పడింది.'

'డాక్టరుకు చూపించుకున్నారా?'

'చూపించుకోవాలంటే మా ఆయనకు చెప్పాల. చెప్పానంటే అయిపోయిందే. ఆ మనిషి గడి ఖాళీగా వదలడు, అబద్ధం రాయడు. పిల్ల ఫారంలో ఇంట్లో రోగులు ఉండారా అని ఉంటే లేరని రాసి పంపాడు. ఇప్పుడు తెలిసిందంటే ఉండారని ముత్యాల్లాగా దిద్ది, కింద గీత కూడా గీసి మళ్లీ పంపిస్తాడు. అట్టా రాస్తే సీటు ఇవ్వరంట గదా, అందరూ అంటన్నారు. ఈ ఏడు కాకుంటే వచ్చే ఏడు, పిల్లకి సీటు రానీ. అది ఆ గేటులో కాలు పెట్టిందాకా ఓర్చుకుంటా. తర్వాత చూపించుకుంటా. నువ్వు మాత్రం ఎవురికీ చెప్పబాక తల్లీ. మా ఆయనకైతే అసలు చెప్పబాక. నా మీద ఒట్టెయ్యి.'

కాసేపు కర్రల చప్పుడు.

'ఒట్టమ్మా. చెప్పను.'

'నా తల్లే. ఇంక ఎలిగించు నీ దీపం.'

తర్వాత నవ్వులు మొదలయ్యాయి. మిగతాదంతా మాలకొండయ్య మీద చాడీలు. పెళ్లైన కొత్తలో ఆయన బ్యారన్ దగ్గరే పడుకుని ఇల్లు మర్చిపోయిన సంగతి. ప్రసూనకు జ్వరం వస్తే ఉష్ణమాపకంతో చూసి, ఆకయితే ఇంకా పచ్చిదే అన్న సంగతి. యాభై నిమిషాలు. మాలకొండయ్య కదలకుండా అంతా విన్నాడు.

"నేను ఎవరికీ చెప్పలేదు" అంది యామిని. "దీపం వెలగకముందు భాగం యంత్రంలోకి పోదనే అనుకున్నాను. పెట్టె తెరిచిన క్షణం నుంచీ అన్నీ పోతున్నాయని ఫలితం వచ్చాకే తెలిసింది. ఆ కాగితం చూసిన రోజు మీ ఊరు బయల్దేరాను. సగం దారిలో వెనక్కి తిరిగాను. ఒట్టు వేశాను కదా అనుకున్నాను. నియమం కూడా ఉంది కదా అనుకున్నాను. రెండూ కలిసి నాకు సులువైపోయింది."

"ఆ దారి మీద బస్సులు తిరగతన్నాయి. పద్నాలుగు నెలలు తిరిగినయ్యి" అన్నాడు.

"నన్ను క్షమించమని అడగను."

"అడిగినా లేదు."

ఆయన లేచి బీరువాల మధ్య నాలుగు అడుగులు వేశాడు. వెనక్కి వచ్చాడు.

"ముందర ఆ ముక్క, దీపం వెలగకముందుది. దాన్ని కోసేసి మిగతా యాభై నిమిషాలు ఇవ్వలేవా?"

"కోస్తే ముద్ర ఒప్పుకోదు. ఇస్తే మొత్తం. అమ్మాయికి కూడా మొత్తం వెళ్తుంది. లేదంటే ఏమీ లేదు."

గేటు బయట పిల్ల కూర్చుని ఉంది. వింటుంది. ముందు ఆ గొంతు విని నవ్వుతుంది. తర్వాత నిమిషంలో తెలుస్తుంది, అమ్మ ఎవరి సీటు కోసం నెత్తురు మింగిందో. ఆ సీటు ఆ మాట వల్లే పోయిందని కూడా తెలుస్తుంది. పందొమ్మిదేళ్ల పిల్ల. ఇంకా అరవై ఏళ్లు మోయాలి. కేసు గెలిస్తే ప్రతి పత్రికలోనూ ఆ మాటే అచ్చవుతుంది.

"ఫారం తే" అన్నాడు.

పేరు రాశాడు. తండ్రి పేరు రాశాడు. ఊరు, మండలం, చనిపోయిన వ్యక్తితో సంబంధం, అన్నీ గుండ్రటి చేతిరాతతో నింపాడు. 'తుడిచివేయవలెను' అన్నదాని పక్కన గీత పెట్టాడు. దాని కింద పెద్ద గడి, 'కారణం' అని.

కలం దానిమీద ఆగింది. చాలాసేపు ఆగింది. మాలకొండయ్య జీవితంలో మొదటిసారి ఒక గడి ఖాళీగా వదిలి సంతకం పెట్టాడు.

"మీకు కూడా మళ్లీ వినపడదు" అంది యామిని. "ఎక్కడా ఉండదు."

"నొక్కు."

ఆమె నొక్కింది. బీరువాలో దీపాలు వెలుగుతూనే ఉన్నాయి. ఫోన్లు మోగుతూనే ఉన్నాయి. ఎత్తేవాళ్లు లేరు. మాలకొండయ్య ఆ మోతలోంచి నడిచి బయటికి వచ్చాడు.

ప్రసూన పరుగెత్తుకొచ్చింది. "ఇచ్చారా నాన్నా?"

"లేదు. తుడిపించేశా."

పిల్లకు అర్థం కాలేదు. ఆయన ఖాళీ చేతుల్ని చూసింది. "తుడిపించడమేంది? అమ్మ గొంతు తెస్తానంటివే. నాకొద్దా? నన్నొక మాట అడగొద్దా?"

"బస్సొస్తంది. పద."

"ఏం చెప్పింది అమ్మ? ఏం విన్నావు లోపల?"

"నా మీద చాడీలు."

"ఇంకా?"

"ఊఁ."

ఊళ్లో నెల రోజులు అదే మాట. మాలకొండయ్య అమ్ముడుపోయాడన్నారు కొందరు. భయపడ్డాడన్నారు కొందరు. ఆయన ఎవరికీ ఎదురు చెప్పలేదు. ప్లాస్టిక్ పొర కాగితాన్ని బ్యారన్ పొయ్యిలో వేశాడు. అది కాలి, కంపు కొట్టి, ముద్దయింది. ఆ ముద్దను కర్రతో ఇంకా లోపలికి తోశాడు.

ప్రసూన ఆయనతో నలభై రోజులు మాట్లాడలేదు. అన్నం పెట్టేది, పక్కకు తిరిగేది. నలభై ఒకటో రోజు పొద్దున కాలేజీకి పోబోతూ బ్యారన్ దగ్గర ఆగింది. ఆయన అద్దంలోంచి వేడి చూస్తున్నాడు.

"నాన్నా, ఒకటే అడుగుతా. వాళ్లకి తెలిసి మనకి చెప్పలేదని గదా పందొమ్మిది రోజులు గేటు ముందర కూర్చున్నావు. ఇప్పుడు నీకేదో తెలుసు. నాకు చెప్పట్లా. వాళ్లకీ నీకూ తేడా ఏంది?"

మాలకొండయ్య ఉష్ణమాపకం మీంచి కళ్లు తీయలేదు.

"తేడా లేదు" అన్నాడు. "బస్సుకి టైమయింది. ఇంక ఆ సంగతి నా ముందర ఎత్తబాక. నువ్వు ఎత్తినా, ఎవురు ఎత్తినా, చచ్చిందాకా నేను మాట్లాడను."